పోగులు వేసి పంచిన ఓట్లు

మొన్న ఓటర్ల జాబితా సరిచూడటానికి వచ్చిన అంగన్‌వాడీ టీచరు మా అరుగు మీద కూర్చుని ఒక్కో పేరే చదువుకుంటూ పోయింది. "లచ్చమ్మ ఉన్నదా తాతా?" అని అడిగింది. లేదన్నాను. పోయిన చలికాలంలో కాలం చేసిందని చెప్పాను. ఆ పిల్ల తప్పేమీ లేదు, దాని పని అది. ఎర్ర పెన్నుతో పేరు మీద ఒక గీత లాగి, నా చేత సంతకం పెట్టించుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ గీత గుండెల మీద లాగినట్టే ఉంది. లచ్చమ్మ మా అక్క. నన్ను చంకనెత్తుకుని పెంచిన మనిషి. ఈ గూడెంలో ఓటంటే ఏమిటో తెలిసిన మనిషి పేరు చెప్పమంటే నేను ఆమె పేరే చెబుతాను. రోజూ పేపరు చదివి, కనపడ్డవాడితోనల్లా వాదం పెట్టుకునే నా పేరు చెప్పను. సర్కారు ఆమె పేరు కొట్టేసింది కనుక నేను రాసి పెడుతున్నాను.

మా తునికిగూడెం చర్ల దాటి అడవిలోకి పోతే ఒక వాగుకు అవతలి ఒడ్డున ఉంటుంది. ఎండాకాలం ఆ వాగులో మోకాలు తడవదు. శ్రావణంలో అదే వాగు మనిషినీ ఎద్దునూ ఒక్కతీరుగా తీసుకుపోతుంది. నాకు ఊహ తెలిసేసరికే అమ్మానాన్నలు లేరు. అక్క, బావ, మా నాన్నకు అన్న అయిన పెద్దయ్య, నేను. ఇదీ మా ఇల్లు. నా పడుచుతనమంతా ఆ ఇంటి వాసనల్లోనే గడిచింది. ఇప్పపూలు రాలే రోజుల్లో అక్క చీకటితోనే గంప పట్టుకుని పోయేది. పొద్దు పొడిచేసరికి వాకిలంతా పూలు ఆరబోసి ఉండేవి. ఆ తియ్యటి, కొంచెం పులిసిన వాసనకు తేనెటీగలూ మా పెద్దయ్యా ఒకేసారి లేచేవాళ్ళు. ముఖం కడుక్కునేదాకా పెద్దయ్య ఎవరితోనూ మాట్లాడడు. కడుక్కుని, తునికాకులో పొగాకు చుట్టి, పొయ్యిలోని నిప్పుకణికను ఒట్టి చేత్తో తీసి అంటించుకుని, అప్పుడు "ఏంది సంగతులు" అనేవాడు, తను లేకుండా రాత్రంతా లోకం ఏదో చేసేసినట్టు. అక్క జొన్న అంబలి కాచేది. ఇంట్లో నలుగురికి సరిపోయేదానికంటే ఒక ముంతెడు ఎప్పుడూ ఎక్కువే. ఎవరి కోసమని అడిగితే వచ్చేటోళ్ళ కోసమనేది. వచ్చేదెవరో ఆమెకూ తెలియదు. ఫారెస్టు గార్డు, తునికాకు కొనే కల్లేదారు, మలేరియా మందు కొట్టేవాడు, ఎవరైనా కానీ మా వాకిట్లో నిలబడితే చాలు, చేతికి అంబలి దొప్ప వచ్చేది.

ఆ వచ్చేవాళ్ళలో ఎలక్షన్లవాళ్ళూ ఉండేవాళ్ళు. మూడు పార్టీలు. వాటి పేర్లు, గుర్తులు రాయను. వాళ్ళకు ఊరూరా గోడలున్నాయి, నా కాగితం కూడా ఎందుకు? మూడు పార్టీలవాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మా వాకిట్లో అంబలి తాగి, ఓటు అడిగేవాళ్ళు. పెద్దయ్య అందరికీ సరేననేవాడు. అది అబద్ధం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే మా వేట సంగతి చెప్పాలి. విత్తనాల పండుగకు మగవాళ్ళంతా వేటకు పోతే, దొరికిన మాంసం ఎవరూ సొంతంగా ఇంటికి పట్టుకుపోరు. వాకిట్లో అడ్డాకులు పరిచి, గూడెంలో ఎన్ని పొయ్యిలుంటే అన్ని పోగులు వేస్తారు. వేటకు వచ్చినవాడికీ పోగే, రోగంతో మంచంలో ఉన్నవాడికీ పోగే, దారిన పోతూ ఆ పూట మా దగ్గర ఆగిన పరాయివాడికీ పోగే. తొలిదెబ్బ కొట్టినవాడికి మాత్రం తన పోగు మీద ఒక ముక్క ఎక్కువ. పెద్దయ్య ఓట్లనూ అట్లాగే పంచేవాడు. పోలింగుకు ముందు రోజు పొద్దున్నే వాకిట్లో మూడు అడ్డాకులు వేసి, ఓటుకొక చింతగింజ చొప్పున వరసగా మూడింటిలోనూ వేసుకుంటూ పోయేవాడు. ఎవరి గింజ ఏ ఆకులో పడితే వాళ్ళ ఓటు ఆ పార్టీకి. చివర మిగిలిన ఒకటి రెండు గింజలు, గూడేనికి నిజంగా ఏదైనా చేసినవాడికి. బాయి తవ్వించినాయనకు ఒకసారి రెండు గింజలు ఎక్కువ పడ్డాయి. తర్వాతి రోజుల్లో, ఓట్లు వెయ్యొద్దని చెప్పే అడవిలోవాళ్ళు కూడా వచ్చి అంబలి తాగి పోవటం మొదలయ్యాక పెద్దయ్య నాలుగో ఆకు వేశాడు. ఆ ఆకులో పడ్డవాళ్ళు ఓటుకు పోకూడదు. నడవలేని ముసలివాళ్ళందరినీ ఏరి అందులో వేశాడు. అందరూ మనింట తాగినోళ్ళేనాయె అనేవాడు.

నేను బడికి పోలేదు. నాకు అక్షరాలు నేర్పింది ఎలక్షన్లే. సారపాక కాగితం మిల్లుకు పోయే వెదురు నరకటానికి కూలికి వెళ్ళిన రోజుల్లో, లోడు లారీ మీద కూర్చుని సారపాక, బూర్గంపాడు దాకా పోతుంటే దారి పొడుగునా గోడల మీద పేర్లుండేవి. ఒకటే పేరు పది గోడల మీద ఉండేది. పక్కన కూర్చున్నవాడిని మొదటి గోడ దగ్గర అడిగితే, పదో గోడకు వచ్చేసరికి ఆ అక్షరాలు నావి అయ్యేవి. గెలిచినవాళ్ళ పేర్లు తర్వాత సున్నం కొట్టి మళ్ళీ రాసేవాళ్ళు. ఓడినవాళ్ళ పేర్లను పట్టించుకునేవాడు లేక అవి అట్లాగే ఏళ్ళ తరబడి ఉండిపోయేవి. అందుకని నేను ఎక్కువ నేర్చుకుంది ఓడినవాళ్ళ పేర్లతోనే. ఆ తర్వాత సంతలో ఉప్పూ బెల్లమూ కట్టిచ్చిన కాగితాలు, ఆ తర్వాత పేపర్లు. నా మొదటి ఓటు గింజ మూడో ఆకులో పడింది. వాగు దాటి, పెద్ద ఊరి బడిలో వరసలో నిలబడి, ఆ గుర్తు మీద చూసుకుని చూసుకుని ముద్ర వేసి వచ్చాను. ఆయన చిత్తుగా ఓడిపోయాడు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అక్క నవ్వి, మన మాట మనం నిలబెట్టుకున్నాం, గెలిచేది ఆయన పని అంది.

అప్పట్లో మా ఓటు కాగితాలను మిగతా ఊళ్ళ కాగితాలతో కలిపేసి, కట్టలు కట్టి లెక్కపెట్టేవాళ్ళు. ఏ కాగితం ఏ గూడేనిదో ఎవరికీ తెలియదు. గెలిచినవాడు వచ్చి మీ ఓట్లతోనే గట్టెక్కానని దండం పెట్టేవాడు. ఓడినవాడు వచ్చి మీరొక్కరే నన్ను ఆదుకున్నారని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఇద్దరి మాటలోనూ తలా ఒక పోగు నిజం ఉండేది. దాంతో అందరికీ మా గూడెం మీద ఎంతో కొంత ప్రేమ ఉండేది. ఒకరు బాయి తవ్వించారు, ఒకరు బడికి రేకులు వేయించారు. వాగు మాత్రం వాగులాగే ఉంది. మా బావ ఆ వాగులోనే పోయాడు. రేషను బియ్యం మూట నెత్తిన పెట్టుకుని దాటుతుండగా నీళ్ళు పెరిగాయి. మూట వదిలేసి ఉంటే ఒడ్డెక్కేవాడేనని అవతల నుంచి చూసినవాళ్ళు అన్నారు. ఆయన వదల్లేదు. ఆ తర్వాత అక్క, ఓటడగటానికి వచ్చిన ప్రతివాడి చేతిలో దొప్ప పెట్టి ఒక్కటే అడిగేది. వాగులో నాలుగు సిమెంటు పైపులు వేసి, మీద మట్టి పోసి, కాళ్ళు తడవకుండా దాటేట్టు ఒక మోరీ కట్టించమని. పింఛను అడగలేదు, ఇల్లు అడగలేదు. తను పోయేలోగా ఒక్కసారి ఆ వాగును నడిచి దాటాలని ఆమె కోరిక.

పెద్దయ్య పోయాక పోగులు వేసే పని నాకు వచ్చింది, చదవటం వచ్చినవాణ్ణి కదా అని. ఓటు మిషన్లు వచ్చిన అసెంబ్లీ ఎలక్షన్ అప్పుడే. రెండు వేల నాలుగు. వాగు మీద మోరీ వెయ్యలేని సర్కారు, వాగు దాటించి మా బడిలోకి ఒక పోలింగు బూతును మాత్రం తెచ్చింది. మావాళ్ళు అంత దూరం నడవలేకపోతున్నారట. నేను సంతోషించాను. మిషన్ ఎట్లా పనిచేస్తుందో చూపిస్తారంటే చర్ల దాకా పోయి, ముందు వరసలో నిలబడి, ఆఫీసరును అడిగాను, ఎవరు ఎవరికి వేసిందీ బయటపడదు కదా అని. "దేవుడికి కూడా తెలియదు తాతా" అన్నాడాయన. ఆయన అబద్ధం చెప్పలేదు. నేనే అడగవలసింది అడగలేదు. నేను మనిషి గురించి అడిగాను, గూడెం గురించి అడగలేదు. మా బూతు మిషన్ విప్పితే మా గూడెం మొత్తం లెక్క అద్దంలో ముఖంలా కనపడుతుందని నాకు తట్టలేదు. వందల పేపర్లు చదివినవాణ్ణి, ఆ ఒక్క ముక్క చదవలేకపోయాను.

ఆ ఎలక్షన్ నోటిఫికేషన్ రాకముందే వాగు ఒడ్డున నాలుగు సిమెంటు పైపులు దిగాయి. దించినాయన వెంకటరత్నం గారని ఒక పార్టీకి మండల నాయకుడు. కోస్తా నుంచి వచ్చి గోదావరి ఒడ్డున మిర్చి, పొగాకు వేసి నిలదొక్కుకున్న కుటుంబం వాళ్ళది. మాట మెత్తన. పైపులు దిగిన రోజు అక్క పోయి వాటిని చేత్తో తడిమి, వంగి లోపలికి చూసి వచ్చింది. నేను ఆకులు పరిచి గింజలు పట్టుకున్నప్పుడు వచ్చి పక్కన కూర్చుంది.

"తమ్మీ, పైపులు దించిండు గద. ఆయనకు రెండు గింజలు ఎక్కువెయ్యి," అంది.

"వేట పడ్డంక పోగులేస్తరు గానీ, పడకముందే ఎక్కువ ముక్క ఇస్తరా అక్కా? మోరీ కట్టనియ్యి, అప్పుడు సూద్దాం."

ధర్మం చెప్పానని నా గర్వం. అక్క లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ముసలివాళ్ళను నాలుగో ఆకులో సర్దేసరికి మిగిలిన మూడింటిలోనూ గింజలు సమానంగా తేలాయి. పెద్దయ్య ఉంటే మెచ్చుకునేవాడనుకున్నాను.

ఫలితాలు వచ్చేసరికి తునికాకు కోత నడుస్తోంది. ఇంటింటా ఆకు కట్టలు, చేతులకు జిగురు, వాకిళ్ళలో ఆ పచ్చి చేదు వాసన. వెంకటరత్నం గారి పార్టీ మనిషే మాకు ఎమ్మెల్యే అయ్యాడని రేడియోలో విన్నాం. మోరీ ఇక అయినట్టేనని అక్క ఆ పూట అంబలి రెండు ముంతలు ఎక్కువ కాచింది. మూడో రోజు ఆయన జీపులో వచ్చాడు. చేతిలో ఒక కాగితం. దొప్ప ఇస్తే పుచ్చుకోలేదు. "ఏంటయ్యా ముత్తయ్యా ఇది? మాకు ముప్పై ఎనిమిది, వాళ్ళకీ ముప్పై ఎనిమిది, ఆ మూడోవాడికీ ముప్పై ఎనిమిదే. మాంసం కొట్టులో తూకం వేసినట్టు వేశారే," అన్నాడు. నేను దాచలేదు. దాచటానికి అందులో సిగ్గుపడే పని ఏమీ లేదు. వేట సంగతీ, పోగుల సంగతీ, పెద్దయ్య సంగతీ అంతా చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. ఆయన విన్నాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, వాగు అవతల ఫలానా గూడెం ఉన్న ఓట్లన్నీ తమకే వేసిందనీ, పైపులు ఎవరికి చెందుతాయో నన్నే చెప్పమనీ అన్నాడు. మర్నాడు లారీ వచ్చింది. ఎత్తేవాళ్ళు చాలకపోతే మా గూడెం కుర్రాళ్ళనే పిలిచారు. మావాళ్ళే పైపులు పట్టి ఎక్కించారు. అక్క ఒడ్డున నిలబడి నాలుగూ ఎక్కేదాకా చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఈ పాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.

ఆ ఐదేళ్ళూ వానాకాలం వచ్చినప్పుడల్లా నాకు నోరు లేదు. జ్వరమొచ్చిన మనిషిని మంచం మీద మోసుకుంటూ నలుగురు వాగులో దిగితే, వాళ్ళు అవతల తేలేదాకా నేను ఇంట్లోంచి బయటికి వచ్చేవాణ్ణి కాదు. మళ్ళీ అసెంబ్లీ ఎలక్షన్ వచ్చింది. మిల్లులో కాంట్రాక్టు పనికి పోయి లోకం చూసిన కుర్రాళ్ళు నా దగ్గర కూర్చుని, పోగులు బందు పెట్టమన్నారు. మొత్తం వెంకటరత్నం గారి పార్టీకే గుద్దుదాం, మిషన్ ఎట్లాగూ చెబుతుంది, ఈసారి మనకు పనికొచ్చేట్టు చెప్పనియ్యి అన్నారు. నేను సరేనన్నాను. సరేననక ఏం చేస్తాను? నా ధర్మం నాలుగు పైపులను లారీ ఎక్కించింది. ఆ ఏడు వాకిట్లో ఆకులు పరవలేదు. అక్క పక్కనే అంబలి కలుపుతూ అంతా విన్నది. ఎప్పటిలాగే వచ్చిన అందరికీ అంబలి పోసింది. మూడో పార్టీ తరఫున నిలబడ్డవాడు చిన్నవాడు, వెంట ఒక్క మనిషి లేకుండా మోటారుసైకిల్ మీద వచ్చాడు. వాగు దగ్గర టైరు పంక్చరయిందట. రెండు దొప్పలు తాగి, ఓటు సంగతి మరిచిపోయి, దగ్గర్లో పంక్చరు వేసేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగి, బండి నెట్టుకుంటూ పోయాడు. వాడు గెలవడని చెట్లకు కూడా తెలుసు.

ఫలితాలు వచ్చాయి. వెంకటరత్నం గారి పార్టీ మనిషే మళ్ళీ గెలిచాడు. ఈసారి ఆయన జీపుతో పాటు ఇంకో రెండు బండ్లు వచ్చాయి, మిఠాయి పెట్టెతో. గూడెం అంతా మా వాకిట్లోనే చేరింది. ఆయన కాగితం విప్పి అందరికీ వినపడేట్టు చదివాడు. తమ పార్టీకి నూట పదిహేడు. రెండో పార్టీకి సున్న. మూడో పార్టీకి ఒకటి. కుర్రాళ్ళు ఈలలు వేశారు. పైపులు వానలకు ముందే వస్తాయని ఆయన చెప్పాడు. చెప్పి, కాగితం మడవబోయి, మళ్ళీ విప్పి, నవ్వుతూనే అడిగాడు, "మరి ఆ ఒక్కటీ ఎవరిదయ్యా?"

ఈలలు ఆగిపోయాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నూట పదిహేడు మందిలో ప్రతివాడికీ పక్కవాడి మీద అనుమానం ఆ క్షణంలో పుట్టటం నేను కళ్ళారా చూశాను. మా గూడెంలో అట్లాంటి చూపులు అంతకు ముందు నేనెరగను. నవ్వుతూ అడిగినా ఆ మాట వెనక లారీ ఉందని అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ ఓటు ఎవరిదో అప్పుడే తెలిసింది. అక్క వైపు చూడకుండా లేచి నిలబడ్డాను.

"నాదే సారూ. కండ్లు సరిగ ఆనక బటన్ తప్పు నొక్కిన," అన్నాను.

"వాడిది గాదు బాబూ," అంది అక్క, ముంత దగ్గర నుంచి లేవకుండానే. "అది నాది. నా ఓటు గూడ తనదే అంటుండు, సూడు వీడు. నొక్కుడు తప్పుగాలే. సూసే నొక్కిన."

ఆయన కొంచెం తడబడ్డాడు. "అదేంటి పెద్దమ్మా? ఇన్నేళ్ళుగా మోరీ మోరీ అని అడిగింది నువ్వే కదా?"

"అవ్, అడిగిన. ఇప్పుడు గూడ అడుగుత. మోరీ అడిగింది నిన్ను. ఓటేసింది మా ఇంట్ల తాగిపోయిన ఆ పిలగానికి. అందరు ఇటే ఏస్తిరి, వానికి మనింట్లనుంచి ఒక్కటన్న పోవద్దా? అదొకటి, ఇదొకటి. రెండు ఒకటెట్లయితయ్?" అని, దొప్ప నింపి ఆయన చేతికిచ్చింది. "నూట పదిహేడు చేతుల పెట్టుకొని ఒక్కదానికి దేవులాడుతవేంది? తాగు ముందు."

ఆయన తాగాడు. అంతమందిలో ఆమె చెయ్యి చాపి ఇచ్చిన దొప్ప కాదనలేక తాగాడో, ఐదేళ్ళ కింద పుచ్చుకోలేదని గుర్తొచ్చి తాగాడో నాకు తెలియదు. దొప్ప కింద పెట్టి, జీపెక్కి వెళ్ళిపోయాడు. పైపులు వస్తాయో రావో అని కుర్రాళ్ళు అక్క మీద గుర్రుగా ఉన్నారు. ఒకడు మా వాకిలి ముందు నుంచి పోవటం మానేశాడు.

ఇప్పుడు ఫలితాల రోజు మధ్యాహ్నానికల్లా బూతుల లెక్కలు ఫోన్లలో తిరుగుతాయి. ఏ వాడ ఎటు పోయిందో, ఏ ఇల్లు ఎటు పోయి ఉంటుందో లెక్కలు కట్టేవాళ్ళు ప్రతి గూడెంలో ఉన్నారు. ఓటు గుట్టుగానే ఉందని పుస్తకాల్లో రాస్తారు. మనిషి గుట్టు దాచి గూడెం గుట్టు బజారులో పెడితే అది ఏం గుట్టో నాకు ఎవరూ చెప్పలేదు. మా పెద్దయ్య ముగ్గురికీ సరేనని మోసం చేశాడని మావాళ్ళే నవ్వుతారు. ముగ్గురికీ ఇచ్చి ముగ్గురినీ మా వాకిట్లో కూర్చోబెట్టినవాడు మోసగాడూ, అంతా ఒక్కడికే ఇచ్చి మిగతా ఇద్దరూ మా దారి తొక్కకుండా చేసుకున్న మేము తెలివైనవాళ్ళమూ. ఇప్పుడు ఒక్క జీపే వస్తుంది, అదీ ఐదేళ్ళకొకసారి. కాచిన అంబలి మిగిలిపోతుంది.

పైపులు మాత్రం ఆ ఏడే వచ్చాయి. నూట పదిహేడుకు వచ్చాయో, ఆ ఒక్కటి ఎవరిదని అడిగి సిగ్గుపడినందుకు వచ్చాయో, ఇప్పటికీ నాకు తేలదు. మృగశిరకు ముందే మట్టి పోసి చదును చేశారు. తొలివాన పడి వాగు ఎర్రగా పొంగి కింద పైపుల్లోంచి ఉరుకుతుంటే, మొదట అక్కనే దాటమని అందరూ పక్కకు జరిగారు, గుర్రుగా ఉన్న కుర్రాళ్ళతో సహా. ఆమె సంతకు పోతోంది. నెత్తిన ఎండిన ఇప్పపూల గంప ఉంది. నడిమధ్యకు పోయి ఆగింది. కింద నీళ్ళను కాసేపు చూసింది. బావ గుర్తొచ్చాడనుకుని నేను దగ్గరికి పోయి, నడువక్కా, ఇంక భయం లేదన్నాను.

"నడుస్తరా. ఆయన పోయిన వాగు, నడవకేం జేస్త?" అంది. "కానీ దీనికి నేను ఓటియ్యలె. ఇయ్యకున్నా వచ్చింది." గంప సర్దుకుని, కుర్రాళ్ళకు కూడా వినపడేట్టు, "ఇయ్యకున్నా రావాలె," అని, పొడి కాళ్ళతో అవతలి ఒడ్డెక్కి సంతకు వెళ్ళిపోయింది.